బొల్లోడి అందానికి ఇద్దరు సాక్షులు

ఇంకాస్త ఇటు జరుగు బిడ్డా. ఆ ఫోను బోర్లా పెట్టు, కాళ్లు మంచం మీదికి తీసుకో. ఇది చిలుకూరు భద్రమ్మ కథ. కన్నబిడ్డలా సాకిన పొట్టేలును వెంటేసుకుని, ఇది అనాకారిదని ఒప్పుకోండి అంటూ ఆమె సూర్యాపేట దాకా, అక్కణ్నుంచి మిర్యాలగూడ దాకా పోయింది. ఎందుకు పోయిందో విను.

ముందు గొర్లకాపరుల పద్ధతి ఒకటి తెలియాలి. మంద ఉన్నవాళ్లు తమ మందను తాము పొగడరు. దారిన పోయేవాడు ఆగి మంద బాగుందంటే చాలు, గుండె గతుక్కుమంటుంది. ఏం బాగు, అన్నీ రోగిష్టివి, ముసలివి, తోలు తప్ప ఏమీ లేదు అనాలి. అలా అనకపోతే దిష్టి తగిలి తెల్లారేసరికి రెండు గొర్రెలు కాళ్లు చాపుతాయని వాళ్ల భయం. అందుకని ఏ గొర్రె మీద ఎక్కువ తిట్లు పడితే అది అంత మంచిదన్నమాట. కొనేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. గొర్రె పళ్లు చూసే ముందు యజమాని నోరు వింటారు.

భద్రమ్మకు బొల్లోడని ఒక పొట్టేలు ఉండేది. దాన్ని ఈనిన పూటే తల్లి చచ్చిపోతే, ఆవుపాలు సీసాలో పోసి తాగించి, రాత్రిళ్లు తన చీర చెంగులో చుట్టుకుని బతికించింది. ఒళ్లంతా నల్లటి ఉన్ని, నుదుటి మీద ఒక్క తెల్లటి మచ్చ. అది పెద్ద పొట్టేలయ్యాక కూడా ఆమె మంచం కిందే పడుకునేది. పొద్దున లేచిందంటే మంచంతో సహా లేచేది, భద్రమ్మ ఆ ఎత్తు మీదే నిద్ర లేచేది. టీలో ముంచిన బన్ను తినందే మందలోకి వెళ్లదు. ఎవరైనా మోటారు సైకిలు ఆపితే, దాని అద్దంలో మొహం చూసుకుని గానీ అక్కడి నుంచి కదలదు.

బక్రీదు దగ్గర పడుతుండగా కోదాడ నుంచి గౌస్ మొహియుద్దీన్ సార్ పండుగనాడు బలి ఇవ్వడానికి పొట్టేలును కొనాలని వచ్చాడు. హైదరాబాదులో పెద్ద కాలేజీలో అరబ్బీ, తత్వశాస్త్రం చెప్పి రిటైరై, సొంతూరని కోదాడలో ఉంటున్న మనిషి. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. భద్రమ్మ మొగుడు జానయ్య, ఆయనకు టీకొట్టు దగ్గర నలుగురి ముందూ మాట ఇచ్చేశాడు. మా మందల ఏది మీ కంటికి నచ్చితే అది మీది సార్ అన్నాడు. సార్ మందంతా చూసి, బండి అద్దం ముందు నిలబడి ఉన్న బొల్లోడిని చూపించాడు.

భద్రమ్మ పోయి బొల్లోడి మెడ పట్టుకుంది. కానీ ఏమంటుంది? మగవాడు నలుగురిలో ఇచ్చిన మాటను ఇంటిది కొట్టేస్తే, ఆ అవమానం జానయ్య వెనకాల మంద తిరిగినంత కాలం తిరుగుతుంది. ఇవ్వనని అనకూడదు. సరుకు మంచిది కాదని అనవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. అందుకని ఆ దారి పట్టింది.

"అది వద్దు సార్. మొహం సూడున్రి, మాడిన మూకుడు లెక్క ఉన్నది."

టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మూకుడన్నది. సరుకు గట్టిదే," అన్నాడొకడు.

"నడక సూస్తిరా? తాగినోడు ఇల్లు ఎతుక్కుంటున్నట్టు నడుస్తది. గొంతు ఇంటే పాత తలుపు. ఇసొంటి అనాకారి గొర్రె ఈ జిల్లాల లేదు సార్, నా మీద ఒట్టు."

జానయ్య ఛాతీ పొంగింది. "ఇన్నేండ్లల్ల దేన్నీ ఇంతగనం తిట్టలే సార్ మా ఆమె. మీ అదృష్టం."

ఆ గుంపులో భద్రమ్మ మాటను ఉన్నదున్నట్టు పట్టించుకున్నది ఒక్క గౌస్ సారే. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

"భద్రమ్మా, ఇది చిన్న మాట కాదమ్మ. మేము ఇచ్చే జీవానికి ఐబు ఉండొద్దు. ఐబంటే లోపం. కన్ను లేకుంటే ఐబు, కాలు కుంటితే ఐబు. మరి అందం లేకుంటే ఐబా, కాదా? మా పెద్దలు ఏమన్నరంటే, ఏ వస్తువుకైనా, ఏ చీజ్‌కైనా దానికి తగిన నిండుతనం ఒకటుంటది. అది దాంట్ల ఉంటే అదే దాని అందం. గుర్రానికి తగ్గది గొర్రెకు తగది. దస్తూరీ అందం వేరే, గొంతు అందం వేరే. ఇగ అందమే లేదంటివనుకో, దాంట్ల ఏదో తక్కువైనట్టే గద?"

"తక్కువే సార్," అంది భద్రమ్మ, ప్రాణం లేచి వచ్చి. "శానా తక్కువ."

"తక్కువైతే ఐబే. ఐబుంటే నేను తీసుకోను."

టీకొట్టులో అందరూ నవ్వారు. సార్ నవ్వలేదు.

"కానీ నేనొక్కణ్ని తేల్చొద్దు. నాకు ఇప్పటికే దాని మీద మనసు పడ్డది. మనసు పడ్డోని సాక్ష్యం చెల్లదు. సూర్యాపేటల నా దోస్తు మధుసూదన్ ఉన్నడు, లెక్కల లెక్చరరు. మిర్యాలగూడల స్వరూప ఉన్నది, పశువుల డాక్టరు, నా బిడ్డ దోస్తు. ఇద్దరు సదువుకున్నోళ్లే. వాళ్లల్ల ఒక్కరన్న ఇది అందంగ లేదంటే, బొల్లోడు నీ దగ్గర్నే ఉంటడు. రేపు పోదామా?"

"తెల్లారంగనే పోదాం సార్," అంది భద్రమ్మ.

ఆ సాయంత్రం ఆమె కత్తెర తీసింది. బొల్లోడిని బన్ను పెట్టి మచ్చిక చేసి, వాడి ఎడమపక్క ఉన్నినంతా కత్తిరించి పారేసింది. కుడిపక్క వదిలేసింది. ఇటు చూస్తే నల్లటి మబ్బు, అటు చూస్తే ఒలిచిన చింతగింజ. చాలదని, దీపం మసి తీసి నుదుటి తెల్లమచ్చ మధ్యన పెద్ద మరక పూసింది. తెల్లారి ఆమె తమ్ముడు వేణు ట్రాలీ ఆటో తెచ్చాడు. దిగుతూనే బొల్లోడిని చూసి చేతులు జోడించాడు.

"దిష్టి సుక్క గూడ పెట్టినవానే అక్కా. మంచి పని చేసినవ్. సూర్యాపేట సెంటర్ల కండ్లు మంచియి గావు."

"అది దిష్టి సుక్క గాదురా, ముండమోపి మసి."

"గట్లనే తిట్టాలె," అన్నాడు వేణు మెచ్చుకోలుగా.

సార్ ముందు కూర్చున్నాడు. భద్రమ్మ, జానయ్య వెనకాల బొల్లోడితో కూర్చున్నారు. హైవే మీద లారీలు దాటిపోతూ హారన్లు కొడుతుంటే, అదంతా తన కోసమే అనుకుని బొల్లోడు తల పైకెత్తి నిలబడ్డాడు.

సూర్యాపేటలో మధుసూదన్ సార్ ఇంటి ముందు ఆటో ఆగేసరికి ఆయన బనీను మీద గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఉంది. బొల్లోడి వైపు చూశాడు, బొల్లోడు ఆయన వైపు చూశాడు. ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. మధుసూదన్ సార్ ఇక ఆ రెండో చెంప గీసుకోవడమే మరిచిపోయాడు, ఆ రోజంతా అలాగే తిరిగాడు.

"ఎవరు చేసిన్రు ఇది?" అన్నాడు.

"నేనే సార్," అంది భద్రమ్మ. "సూడున్రి ఎంత అసయ్యంగున్నదో. సగం బోడి, సగం బొచ్చు. చెప్పున్రి, బాగలేదని ఒక్క మాట చెప్పున్రి, మేం పోతం."

ఆయన వినలేదు. ఫోనుతో బొల్లోడికి ఎదురుగా ఒక ఫోటో తీసి, ఆ ఫోనును అరుగు మీద పెట్టి, గడ్డం గీసుకునే అద్దాన్ని ఫోటోకు సరిగ్గా మధ్యన నిలబెట్టాడు. "ఇటు నుంచి సూడు జానయ్యా."

జానయ్య వంగి చూశాడు. అద్దంలోని సగమూ ఫోనులోని సగమూ కలిసి, ఒళ్లంతా ఉన్నితో నిండుగా ఉన్న బొల్లోడు కనిపించాడు.

"ఇగ అటు నుంచి సూడు," అంటూ అద్దాన్ని రెండో పక్కకు తిప్పాడు.

అటు నుంచి చూస్తే, మొత్తం గొరిగిన బొల్లోడు.

"ఒక్క పొట్టేలుల రెండు పొట్టేళ్లు," అన్నాడు మధుసూదన్ సార్. "ముప్పయ్యేండ్లు పిల్లలకు ఇదే చెప్పిన, ఒకటి రెండుగా పోవుడు, రెండు ఒకటిగా కలుసుడు. ఒక్కనికి ఎక్కలే. అమ్మా, నీ చెయ్యి ఏం చెయ్యమ్మా. వెన్నుపూస మీద గీత సూడున్రి, స్కేలు పెట్టినట్టున్నది."

భద్రమ్మ తన చేతిని తాను తిట్టుకుంది. పాడు చేయాలని కూర్చుంది గానీ, చిన్నప్పటి నుంచి ఉన్ని కత్తిరించిన చెయ్యి, వంకర పోవడం దానికి చేతకాలేదు.

"కొమ్ములు సూడున్రి సార్, కొమ్ములు," అంది తెగించి. "మెలికలు తిరిగి, కాలిన పురికోస లెక్క."

అదే ఆమె చేసిన రెండో తప్పు. ఆయన లోపలికి పోయి దారం తెచ్చి కొమ్ము చుట్టూ చుట్టి కొలిచాడు. "కొన దగ్గరున్నది వాని చిన్నప్పటి కొమ్ము. పెరిగినకొద్దీ కొత్తది మొదట్ల వచ్చి చేరుతది. సైజు మారుతది, ఆకారం మారది. మనిషికి ఈ భాగ్యం లేదు గౌస్ భాయ్. నా చిన్నప్పటి మొహం ఇప్పుడు నాకున్నదా?"

"లేదు," అన్నాడు గౌస్ సార్ నిజాయితీగా.

"దీనికున్నది. నా సాక్ష్యం రాసుకో. అందగాడు."

ఒకటి పోయింది. బొల్లోడేమో ఆ గడ్డం అద్దాన్ని వదిలి రానంటాడు. జానయ్య లాగాడు, వేణు వెనక నుంచి నెట్టాడు, గేటు ఊడొచ్చింది గానీ పొట్టేలు రాలేదు. చివరికి మధుసూదన్ సార్ బనీను మీద చొక్కా వేసుకుని, అద్దం చేత్తో పట్టుకుని తానే ట్రాలీ ఎక్కాడు. బొల్లోడు ఆయన వెనకే గంతేసి ఎక్కాడు. మిర్యాలగూడ దాకా ఆయన ఆ అద్దాన్ని వాడి మొహం ముందు పట్టుకునే కూర్చున్నాడు. పోలీసాయన ఒకడు ఆపి, ఏందిది అని అడిగితే, "చదువు," అన్నాడు. ఆయన పొమ్మన్నాడు.

దారిలో టీ తాగడానికి ఆగినచోట భద్రమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. గీత తిన్నగా రావడం వల్లే కొంప మునిగింది. ఈసారి కళ్లు మూసుకుంటే సరి. కొంగులో దాచి తెచ్చిన కత్తెర తీసి, కళ్లు గట్టిగా మూసుకుని, మిగిలిన ఉన్నిలో ఇక్కడొక గంటు, అక్కడొక గంటు పెట్టింది. కళ్లు తెరిచి చూసి తృప్తి పడింది. ఎలుకలు కొట్టిన గొంగడిలా ఉన్నాడు బొల్లోడు.

మధుసూదన్ సార్ చూసి గ్లాసు జారవిడిచాడు. "గౌస్ భాయ్, రెండు గంట్లు ఒకదాని మీదొకటి పడ్డయా సూడు. పడలే. నిజంగ ఇష్టమొచ్చినట్టు వేస్తే ఒక్కకాడ కుప్ప పడాలె, ఒక్కకాడ ఖాళీ ఉండాలె. మనిషి కండ్లు మూసుకున్నా చెయ్యి సమానంగ పంచుతది. అమ్మ చేతికి క్రమం తప్పుడు రాదు."

"మా దగ్గర ఒక మాటున్నది మధు," అన్నాడు గౌస్ సార్. "పైవాడు అందమైనోడు, అందాన్ని ఇష్టపడతడని. అందుకే ఏ చెయ్యైనా దానంతల అది గా వైపే పోతదేమో."

"నా చెయ్యి ఇరగ," అంది భద్రమ్మ. ఆ ఇద్దరూ ఆమెను అంతకంతకూ గౌరవంగా చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

మిర్యాలగూడలో పశువుల దవాఖాన ముందు బర్రెలు, మేకలు, ఒక కోపిష్టి ఎద్దు వరసగా ఉన్నాయి. ఇద్దరు గొర్రెల బేరగాళ్లు వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. స్వరూప డాక్టరమ్మ బయటికొచ్చి సార్‌కు దండం పెట్టి, బొల్లోడిని చూసి చేతికి తొడుగు వేసుకుంది.

"ఏమైంది దీనికి?"

"అనాకారిది డాక్టరమ్మా," అంది భద్రమ్మ.

"ఎన్ని రోజుల నుంచి?"

"పుట్టినప్పటి సంది."

"మేత తింటున్నదా?"

"బన్నులు తింటది."

డాక్టరమ్మ సార్ వైపు చూసింది. "ఏమని చూడాలె సార్ దీన్ని?"

"అందమున్నదో లేదో అనుమానం అనుకో బేటీ," అన్నాడు గౌస్ సార్. "నీ మాట మీద ఒక పానం ఆధారపడి ఉన్నది."

వరసలో ఉన్నవాళ్లు తమ పశువులను పక్కకు లాగి దారిచ్చారు. అంత పెద్ద రోగం వాళ్లెప్పుడూ వినలేదు.

భద్రమ్మ డాక్టరమ్మ పక్కకు జరిగి, చెవిలో చెప్పినట్టు మెల్లగా అంది. "బిడ్డా, నువ్వు ఆడిదానివి. నీకు సూడంగనే తెలుస్తది. వాళ్లిద్దరు సదువు ఎక్కువై సూస్తున్నరు. ఇది బాగలేదని ఒక్క మాటను."

స్వరూప డాక్టరమ్మ దయగల మనిషే గానీ చూడకుండా మాట్లాడే మనిషి కాదు. పెదవి ఎత్తి పళ్లు చూసింది, చిగుళ్లు నొక్కి చూసింది, గిట్టలు చూసింది, గుండె విన్నది. గంట్లు పడ్డ ఉన్నిని వేళ్లతో విడదీసి చూసింది. "నాకు అందమంటే అలంకారం గాదు పెద్దమ్మా. పని చేసేది పని చేసినట్టు ఉండుడు. దీంట్ల పనికిరానిది ఒక్కటి లేదు. నీకొకటి చూపిస్త, ఇటు రా. దీని కండ్లల్లకు చూడు."

"రోజు సూస్తనే ఉన్న."

"నల్లగుడ్డు ఎట్లున్నది?"

భద్రమ్మ చూసింది. గుండ్రంగా లేదు. అడ్డంగా, నేలకు సమాంతరంగా, గీత గీసినట్టుంది.

"ఇప్పుడు తల వంచుత. మేసేటప్పుడు వంచినట్టు." డాక్టరమ్మ బొల్లోడి తలను రెండు చేతులతో పట్టి మెల్లగా కిందికి వంచింది. "గీత నిలువుగ కావాలె గద? అయిందా?"

కాలేదు. తల వంగుతుంటే లోపల కన్ను తిరుగుతోంది. మొహం మొత్తం నేల వైపు వంగిపోయినా, ఆ గీత మాత్రం నేలకు సమాంతరంగా, ఎక్కడుండాలో అక్కడే ఉంది. "గడ్డి మేస్తనే చుట్టూ ఎవరొస్తున్నరో చూసుకునేతందుకు," అంది డాక్టరమ్మ. "తల పైకెత్తిన కొద్ది మళ్ల తిరుగుతది. చూడు."

మళ్లీ ఎత్తింది. మళ్లీ తిరిగింది.

సీసాతో పాలు పట్టినప్పటి నుంచి ఆ కళ్లను భద్రమ్మ చూస్తూనే ఉంది. ఇది ఎప్పుడూ చూడలేదు. మంచం కింద పడుకుని, మంచంతో సహా లేచి, తిట్లు తిని, సగం గొరిగించుకుని, వీడు ఇంత పని గుట్టుగా లోపల చేసుకుంటున్నాడా అనిపించింది. ఆమె నేల మీద కూలబడి బొల్లోడి దవడలు రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏమంటున్నదో ఆమెకే తెలియదు.

"ఓరి నా తండ్రీ. ఎంత అందంగున్నవురా. నీ అసొంటి అందగాడు ఈ భూమ్మీద లేడురా."

దవాఖానలో ఉన్నవాళ్లంతా అటు తిరిగారు. ఎద్దు కూడా తిరిగింది.

ముందుగా తేరుకున్నది జానయ్య. కాళ్ల కింది మట్టి తీసి బొల్లోడి చుట్టూ తిప్పి ఉమ్మాడు. "ఏందే భద్రి, నోట్లెకెళ్లి వచ్చిన మాటేనా అది? మంద మొత్తం ఆగమైతదే."

వేపచెట్టు కింది బేరగాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. "సొంతామె పొగుడుతున్నది," అన్నాడొకడు గొంతు తగ్గించి. "లోపల ఏదో ముదిరిన రోగమున్నది. మన మేకల్ని ఇటు పట్టుకో."

"అక్క నోట గొర్రెకు మంచి మాటొచ్చిందంటే ఇగ వాని పని ఖతం," అన్నాడు వేణు, తలపాగా తీసి.

భద్రమ్మకు అప్పుడు తెలిసింది తాను ఏం చేసిందో. ఇద్దరు సాక్షులు చాలన్నారు. మూడో సాక్ష్యం తానే చెప్పింది. ఇక అనాకారి అనడానికి నోరెక్కడిది? బొల్లోడి మెడలో మొహం దాచుకుంది.

గౌస్ సార్ వచ్చి ఆమెకు ఎదురుగా, వేసుకున్న తెల్లటి బట్టలతోనే, మట్టిలో కూర్చున్నాడు.

"భద్రమ్మా, నిన్నటి సంది నువ్వు దీన్ని ఎన్ని అన్నవో అన్ని నేను ఇన్న. మూకుడన్నవ్, తాగుబోతన్నవ్. అమ్మేటోళ్లు అట్లనే అంటరని అందరు చెప్పిన్రు. కానీ ఇప్పుడన్నది అమ్మేటోళ్ల మాట కాదు. ఇంత అందం ఎరికైనోళ్లు ప్రేమించకుండ ఉండలేరని మా పెద్దలు అంటరు. ఇంత దూరమొచ్చి అందరిని అందం గురించి అడిగినం. నిన్ను అడగాల్సింది ఒకటి అడగలే. దీన్ని నాకు ఇస్తవా?"

"నేను ఇస్తనన్న గద సార్," అన్నాడు జానయ్య.

"నువ్వన్నవ్. పెంచింది ఎవరు?"

"ఆమెనే. అయితే నేను మొగోణ్ని గద సార్."

"నేను పొట్టేలు అడిగిన జానయ్యా, మొగోణ్ని అడగలే. ఇష్టం లేని చేతుల్నుంచి తీసుకుంటే అది నాది కాదు. నాది కానిది నేనెట్ల ఇస్త? భద్రమ్మా, నువ్వు చెప్పు."

భద్రమ్మ మొగుడి వైపు చూసింది. చుట్టూ ఉన్న జనం వైపు చూసింది. బొల్లోడు మధుసూదన్ సార్ చేతిలోని అద్దం వైపు చూస్తున్నాడు.

"ఇయ్య," అంది.

అంతే. ఒక్క మాట. ఆ మాట నిన్న పొద్దున టీకొట్టు దగ్గర అని ఉంటే ఇంత డీజిలు కాలేది కాదని వేణు లెక్క కట్టాడు. జానయ్య తల గీక్కున్నాడు.

"మరి నా మాట సార్?"

"నీ మాట నీకు వాపస్. నలుగుర్ల ఇచ్చినవ్, నలుగుర్ల తీస్కో," అంటూ గౌస్ సార్ అందరూ చూస్తుండగా ఆయనకు చెయ్యి అందించాడు. జానయ్య పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మోస్తున్న బరువేదో దిగినట్టే ఉంది ఆయనకు కూడా, బొల్లోడి సీసాను చిన్నప్పుడు కడిగింది ఆయనే మరి.

తిరుగుదారిలో ముగ్గురు చదువుకున్నవాళ్లూ ట్రాలీలోనే ఉన్నారు, డాక్టరమ్మ డ్యూటీ అయ్యాక వాళ్లతో ఎక్కేసింది. అందం పొట్టేలులో ఉందా, చూసే కంట్లో ఉందా, చేసినవాడి చేతిలో ఉందా అని వాదించుకున్నారు. సూర్యాపేటలో దిగాల్సిన మధుసూదన్ సార్ వాదన తెగక చిలుకూరు దాకా వచ్చేసి, జొన్నరొట్టె తిని, అక్కడే పడుకున్నాడు. గౌస్ సార్ మర్నాడు అనంతగిరి వైపు నుంచి వచ్చిన మందలో ఒక పొట్టేలును తీసుకున్నాడు. దాని యజమాని దాన్ని కడుపునిండా తిట్టాడు. ఇస్తవా అని సార్ అతణ్ని మూడుసార్లు అడిగాడు, ఇంట్లో ఆమెను కూడా పిలిపించి అడిగాడు. వాళ్లకు విసుగొచ్చి, తీస్కపో సార్ నీకు దండం పెడత అన్నారు.

ఇదీ కథ బిడ్డా. మరిచిపోకుండా మనసులో పెట్టుకో, రేపు నీ దోస్తులకూ, నీకు పుట్టేవాళ్లకూ చెప్పు. ఉత్తగా కూర్చుని మాత్రం చెప్పకు. ఒక గొర్రెను దగ్గర నిలబెట్టుకుని, డాక్టరమ్మ దగ్గరికి కథ వచ్చినప్పుడు దాని తల మెల్లగా వంచి, ఆ కన్ను తిరగడం వాళ్లకు చూపించు. వాళ్లు చూసేదాకా తొందరపడకు. చూశాకే మిగతాది చెప్పు.